ఓటేసే ముందు మన అభ్యర్థుల గురించి నెట్‌లో ఎలా వెతకాలి: రెండు సాయంత్రాల పని, మొదటి నుంచి చివరి దాకా

ఎలక్షన్ దగ్గరికొచ్చిన ప్రతిసారీ నాకు ఇవే మెసేజ్‌లు. "అన్నా, మా దగ్గర నిల్చున్న ఫలానా ఆయన మీద ఇన్ని కేసులున్నాయంట, నిజమేనా?", "ఆస్తి అయిదేళ్ళలో నాలుగు రెట్లయిందంట కదా?", "అసలు ఇవన్నీ ఎక్కడ చూడాలి?" అని. ఒక్కొక్కళ్ళకి విడివిడిగా చెప్పేకంటే వరసగా రాసిపెడదామని కూర్చున్నా. ఎవరికి ఓటెయ్యాలో నేను చెప్పను, ఆ మనిషి ప్రమాణం చేసి రాసిచ్చిన కాయితం ఫోన్‌లోనే దొరుకుతుంది కాబట్టి దాన్ని ఎలా తీస్కోవాలో, ఎలా చదవాలో, ఎక్కడ పొరబడతామో చెప్తా.

ఇక్కడ చెప్పేది అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకి. సర్పంచ్, ఎంపీటీసీ, మున్సిపాలిటీ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, దాని సైట్ వేరు, అక్కడ దొరికే కాయితాలు కూడా వేరు. రెండూ కలిపేసుకుని "సైట్‌లో మా సర్పంచ్ అభ్యర్థి కనపడట్లేదు" అని ఇబ్బంది పడకండి.

1. ముందు రెడీ చేస్కోవాల్సినవి

పని మొదలెట్టే టైమ్ చాలా ముఖ్యం. నామినేషన్ల ఉపసంహరణ గడువు అయిపోయిన రోజు సాయంత్రం నుంచి మొదలెట్టండి, అంతకుముందు చేస్తే సగం పని వృథా, ఎందుకంటే డమ్మీలు, రెబల్స్, పార్టీ బీఫారం రానోళ్ళు అందరూ లిస్టులో ఉంటారు. ఆంధ్రాలో 2024లో ఉపసంహరణ గడువు ఏప్రిల్ 29, పోలింగ్ మే 13. తెలంగాణలో 2023లో గడువు నవంబర్ 15, పోలింగ్ నవంబర్ 30. అంటే మనకి దొరికేది రెండు వారాలు. అందులో రెండు సాయంత్రాలు తీస్తే చాలు.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- మీ ఓటరు కార్డు నంబరు. ముందు ఎన్నికల సంఘం ఓటర్ సర్వీస్ సైట్‌లోనో, వాళ్ళ ఈసీఐనెట్ యాప్‌లోనో (ఇదివరకటి ఓటర్ హెల్ప్‌లైన్ యాప్ ఇందులోనే కలిసింది) మీ ఓటు ఉందో లేదో, ఏ నియోజకవర్గంలో ఉందో చూస్కోండి. ఫోన్ చెయ్యాలంటే 1950.
- అసెంబ్లీ నియోజకవర్గం పేరు, అది ఏ లోక్‌సభ సీటు కిందకొస్తుందో ఆ పేరు. సిటీల్లో చాలామందికి ఈ రెండోది తెలీదు.
- వీలైతే కంప్యూటర్. ఫోన్‌లో కూడా అవుతుంది గానీ స్కాన్ చేసిన పేజీలు చదవాలంటే కళ్ళు లాగుతాయి.
- ఒక నోట్‌బుక్, పెన్ను. ఇది మాత్రం తప్పకుండా ఉండాలి, స్క్రీన్‌షాట్లు తీసుకుంటూ పోతే చివర్లో ఏది ఎవరిదో తెలీదు.

ఒక జాగ్రత్త. "ఓటర్ లిస్టులో మీ పేరు చూస్కోండి", "మీ అభ్యర్థి నేర చరిత్ర ఇక్కడ" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే అస్సలు ఇన్‌స్టాల్ చెయ్యొద్దు. యాప్ కావాలంటే ప్లే స్టోర్‌లో వెతికి, కింద ఎన్నికల సంఘం పేరు ఉందో లేదో చూసి తీస్కోండి. అభ్యర్థి వివరాలు చూడ్డానికి ఎవ్వరికీ ఓటీపీ చెప్పాల్సిన పని లేదు.

2. అఫిడవిట్ దింపుకోవడం

పోటీ చేసే ప్రతి ఒక్కరూ నామినేషన్‌తో పాటు ఫారం 26 అనే అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం, ఇవ్వాలి. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తుందో అన్నీ అందులో ఉంటాయి. ఇది 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల వల్ల మనకొచ్చిన హక్కు. 2013 తీర్పు తర్వాత కాలమ్స్ ఖాళీగా వదిలెయ్యడం కూడా కుదరదు, లేకపోతే లేదు అని రాయాల్సిందే.

ఎలా తియ్యాలంటే:

1) ఎన్నికల సంఘం వాళ్ళ అభ్యర్థుల అఫిడవిట్ పోర్టల్ తెరవండి. ఫోన్‌లో అయితే ఈసీఐనెట్ యాప్‌లో చూడొచ్చు, ఇదివరకు దీనికి నో యువర్ కాండిడేట్ (కేవైసీ) అని విడిగా యాప్ ఉండేది.

2) ఏ ఎన్నిక, ఏ రాష్ట్రం, ఏ నియోజకవర్గం, వరసగా సెలెక్ట్ చేస్కోండి.

3) లిస్టు రాగానే ఫిల్టర్‌లో పోటీలో ఉన్నవాళ్ళు అనేది పెట్టండి. లేకపోతే తిరస్కరించినవి, ఉపసంహరించుకున్నవి అన్నీ కలిసి వస్తాయి.

4) పేరు మీద నొక్కి పీడీఎఫ్ దింపుకోండి. ఒక్కొక్కరు నాలుగు సెట్ల దాకా నామినేషన్ వెయ్యొచ్చు కాబట్టి ఒకే మనిషివి రెండు మూడు అఫిడవిట్లు కనపడొచ్చు, చివరి తేదీ ఉన్నది తీస్కోండి. మొదటిదానికీ చివరిదానికీ తేడా ఉంటే ఆ తేడా ఏంటో కూడా రాసిపెట్టుకోండి.

5) పక్కన కౌంటర్ అఫిడవిట్ ఉంటే అదీ తియ్యండి. అభ్యర్థి రాసింది తప్పు అని వేరేవాళ్ళు ప్రమాణం చేసి ఇచ్చిన కాయితం అది. అందులో ఉన్నదంతా నిజమని కాదు గానీ ఎక్కడ చూడాలో దారి చూపిస్తుంది.

ఎంతమందివి తియ్యాలి? ముప్పై మంది నిల్చుంటే ముప్పైవీ చదవలేం. గెలిచే అవకాశం ఉన్న ముగ్గురు నలుగురు, దాంతోపాటు మీకు మనసులో ఉన్న ఇండిపెండెంట్ ఎవరైనా ఉంటే వాళ్ళు. ప్రధాన అభ్యర్థి పేరే ఉన్న ఇంకో అభ్యర్థి ఉన్నాడేమో కూడా ఇక్కడే చూడండి, మన దగ్గర ఇది మామూలే. ఇంటిపేరు, తండ్రి పేరు, ఫొటో, గుర్తు, నాలుగూ కలిపి రాసుకోండి.

పీడీఎఫ్ స్కాన్ కాపీ కాబట్టి అందులో సెర్చ్ పనిచెయ్యదు, కొన్ని చేత్తో రాసినవి ఉంటాయి, అర్థం కాకపోతే గూగుల్ లెన్స్ పెడితే అక్షరాలు చాలావరకు తీసిస్తుంది. అంకెలు మాత్రం దాన్ని నమ్మొద్దు, సున్నాలు మింగేస్తుంది.

మైనేత సైట్ ఉంది కదా అంటారు. మంచిదే, ఏడీఆర్ అనే సంస్థ నడుపుతుంది, ఇవే అఫిడవిట్లని శుభ్రంగా పట్టికల్లో టైప్ చేసి పెడతారు, చదవడానికి సుఖం. నేనూ ముందు అక్కడే చూస్తా. కానీ అది మనుషులు చూసి ఎక్కించిన డేటా, అసలు కాయితం సరిగ్గా కనపడని చోట వాళ్ళకీ కష్టమే. అందుకని పెద్ద విషయం ఏదైనా కనిపిస్తే ఒరిజినల్ పీడీఎఫ్‌లో ఆ పేజీ చూసే దాకా ఎవరికీ చెప్పొద్దు.

3. కేసుల పేజీ ఎలా చదవాలి

అందరూ ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే. "ఆయన మీద 14 కేసులు" అని అంకె పట్టుకుని తిరుగుతారు. అంకె వల్ల ఏమీ తెలీదు. ఒక్కో కేసుకి నాలుగు విషయాలు రాసుకోండి: ఏ సెక్షన్, ఏ పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్ ఏ సంవత్సరం, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా.

పాత ఐపీసీలో 143, 188, 341 లాంటివి కనపడితే ఎక్కువగా ధర్నాలు, రాస్తారోకోలు, పర్మిషన్ లేని ర్యాలీలు. తెలంగాణ ఉద్యమంలో తిరిగిన లీడర్ల అఫిడవిట్లలో ఇట్లాంటివి, రైలు రోకో కేసులు వరసగా ఉంటాయి. ప్రతిపక్షంలో ఉన్నోళ్ళ మీద ఎక్కువ, అధికారంలో ఉన్నోళ్ళ మీద తక్కువ ఉండటం కూడా దీనివల్లే.

302 హత్య, 307 హత్యాయత్నం, 376 అత్యాచారం, 420 మోసం, 406 నమ్మకద్రోహం. ఇవి వేరే లెక్క. ఒక్కటున్నా ఆగి చూడాలి. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి కొత్త కేసుల్లో నంబర్లు మారాయి, హత్య 103, హత్యాయత్నం 109, మోసం 318. పాత 302 అంటే హత్య, కొత్త సంహితలో మాత్రం 302కి అర్థం వేరు. అందుకే సెక్షన్ నంబరుతో పాటు ఏ చట్టమో కూడా రాసుకోండి, ఇది మర్చిపోయి చాలామంది భయపడతారు.

ఎఫ్ఐఆర్ అంటే ఎవరో ఫిర్యాదు చేశారు అంతే. అభియోగాలు నమోదయ్యాయి అంటే జడ్జి కాయితాలు చూసి విచారణ జరగాల్సిందే అన్నాడని. శిక్ష పడింది అంటే తీర్పు వచ్చేసింది. ఈ మూడూ ఒకటి కాదు. రెండేళ్ళు అంతకుమించి శిక్ష పడితే పోటీకే అనర్హులు, కాబట్టి అట్లాంటి వాళ్ళు లిస్టులో కనపడితే పై కోర్టు స్టే ఇచ్చిందేమో చూడండి.

ఇంకో మాట, ఇది నాకు జరిగింది కాబట్టి చెప్తున్నా. ఒకసారి మా కాలనీ గ్రూపులో ఒక అభ్యర్థి మీద పెద్ద కేసు ఉందని రాసేశా, తీరా చూస్తే అది అదే పేరున్న ఇంకో మనిషిది, తండ్రి పేరు చూడలేదు. మర్నాడు అదే గ్రూపులో తప్పైందని రాశా, కానీ మొదటి మెసేజ్ అప్పటికే ఎన్నో గ్రూపుల్లోకి వెళ్ళిపోయింది, రెండోది ఎవరూ ఫార్వార్డ్ చెయ్యలేదు. అప్పట్నుంచి తండ్రి పేరు, వయసు, ఊరు, మూడూ కలవకుండా ఒక్క అక్షరం బయటకి పంపట్లేదు.

4. కేసు ఇప్పుడు ఎక్కడుందో చూడటం

అఫిడవిట్‌లో కేసు నంబరు, కోర్టు పేరు ఉంటాయి కదా, వాటితో ఈకోర్ట్స్ సైట్‌లోకో యాప్‌లోకో వెళ్ళండి. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ సెలెక్ట్ చేసి కేసు నంబరు కొడితే ఏ దశలో ఉంది, మళ్ళీ వాయిదా ఎప్పుడు అనేది వస్తుంది. సీఎన్ఆర్ అని 16 అక్షరాల నంబరు దొరికిందంటే ఇంక నేరుగా అదొక్కటే కొడితే చాలు.

కేసు నంబరు లేకపోతే ఎఫ్ఐఆర్ నంబరుతో వెతకొచ్చు, పోలీస్ స్టేషన్, నంబరు, సంవత్సరం ఇవ్వాలి. పేరుతో వెతకడం చివరి దారి. మన పేర్లు ఇంగ్లీషులో ఒక్కొక్కళ్ళు ఒక్కో స్పెల్లింగ్ రాస్తారు, శ్రీనివాసరావు అనే పేరే ఎన్ని రకాలుగా ఉంటుందో మీకు తెల్సు, ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక.

ఏమీ దొరక్కపోతే కంగారు పడొద్దు. ఎంపీలు ఎమ్మెల్యేల కేసులు ప్రత్యేక కోర్టుకి బదిలీ అయ్యుండొచ్చు, హైదరాబాద్ నాంపల్లిలో, విజయవాడలో అట్లాంటి కోర్టులున్నాయి, ఆ కాంప్లెక్స్ పెట్టి మళ్ళీ చూడండి. కేసు కొట్టెయ్యమని హైకోర్టులో పిటిషన్ వేసుంటే హైకోర్టు సైట్‌లో కనపడుతుంది. వాయిదాల వరస చూడటం మాత్రం మర్చిపోవద్దు. పదేళ్ళ కిందటి కేసులో ఎవరు రాక వాయిదా పడుతుందో చూస్తే ఆ మనిషి గురించి కొంత తెలుస్తుంది.

5. ఆస్తుల పేజీ: పాతది, కొత్తది పక్కపక్కన

నా లెక్కలో మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన గంట ఇదే. ఒక్క అఫిడవిట్ చూస్తే ఏం తెలీదు. ఇదివరకు పోటీ చేసుంటే ఆ పాత అఫిడవిట్ కూడా తీయండి, మైనేతలో సంవత్సరం మార్చి వెతికితే 2014, 2019 లాంటి పాతవి దొరుకుతాయి. నోట్‌బుక్‌లో ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది.

మొత్తం ఎంత అనే అంకెని పక్కన పెట్టేయండి. ఎందుకో ఒక ఊహించిన లెక్క చెప్తా. ఒకాయన 2019లో 4 ఎకరాలు, విలువ 40 లక్షలు అని రాశాడు. 2024లో అవే సర్వే నంబర్లు, అదే 4 ఎకరాలు, విలువ 1 కోటి 60 లక్షలు. హెడ్‌లైన్ ఏమొస్తుంది? "నాలుగు రెట్లు పెరిగిన ఆస్తి". కానీ ఆయన ఒక్క గుంట కూడా కొత్తగా కొనలేదు, రేటు పెరిగింది అంతే, పక్క చేను వాళ్ళది కూడా అంతే పెరిగుంటుంది.

ఇప్పుడు రెండో ఆయన. 2019లో పొలం లేదు. 2024లో 6 ఎకరాలు, స్వార్జితం, కొన్న ధర 90 లక్షలు. అయిదేళ్ళ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్‌లో ఆయనదీ భార్యదీ కలిపి చూపించిన ఆదాయం 31 లక్షలు. కొత్త అప్పులు లేవు. మిగతా 59 లక్షలు ఎక్కణ్ణుంచి? తప్పే చేశాడని కాదు, పాత ప్లాట్ అమ్మాడేమో చూడండి, పాత అఫిడవిట్‌లో ఉండి కొత్తదాంట్లో లేని ఆస్తి ఉంటే అది అమ్మి ఉండొచ్చు. చేతిలో ఉన్న డబ్బు, డిపాజిట్లు తగ్గాయేమో చూడండి. వ్యవసాయ ఆదాయానికి ట్యాక్స్ లేదు కాబట్టి అదీ కారణం కావొచ్చు, కానీ పొలమే లేనాయన వ్యవసాయ ఆదాయం అంటే కౌలుకి చేశాడా అని చూడాలి. ఇవన్నీ పోగా ఇంకా లెక్క తేలకపోతే అది ప్రచారానికొచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న.

చూడాల్సిన వరస:

- సర్వే నంబరు కొత్తదా పాతదా. విలువ తర్వాత, ముందు నంబరు.
- స్వార్జితమా, వారసత్వమా. రెండూ వేరే కాలమ్స్‌లో ఉంటాయి.
- కొన్న తేదీ, కొన్న ధర. పదవిలో ఉన్నప్పుడు కొన్నవి విడిగా గీత పెట్టుకోండి.
- బంగారం గ్రాముల్లో చూడండి, రూపాయల్లో కాదు. గ్రాములు అంతే ఉండి విలువ రెట్టింపయిందంటే రేటు పెరిగింది, అంతే.
- భార్య లేదా భర్త, ఆధారపడిన పిల్లల కాలమ్స్. మన దగ్గర ఆస్తి ఎక్కువగా ఆ కాలమ్‌లోనే ఉంటుంది.
- అయిదేళ్ళ ఆదాయం, ఆదాయ మార్గం. 2018 తీర్పు తర్వాత ఆదాయం ఎక్కణ్ణుంచో కూడా చెప్పాలి. "వ్యాపారం" అని ఒక్క ముక్కే రాస్తే ఏ వ్యాపారమో మీరు వెతకండి.
- ప్రభుత్వంతో కాంట్రాక్టులు. ఈ పేజీ చివర్లో ఉంటుంది, చాలామంది అక్కడిదాకా రారు.
- అప్పులు, ప్రభుత్వానికి బాకీలు: బ్యాంకు అప్పా, చేబదులా, ఎవరి దగ్గర.

విలువ దగ్గర ఒక చిక్కుంది. మార్కెట్ విలువ అని అడిగితే కొందరు రిజిస్ట్రేషన్ ఆఫీసు రేటు వేస్తారు, కొందరు నిజంగా అమ్మితే వచ్చే రేటు వేస్తారు. అందుకని ఒక అభ్యర్థి ఆస్తిని ఇంకో అభ్యర్థి ఆస్తితో పోల్చి "ఈయనే గొప్ప ధనవంతుడు" అనుకోవద్దు. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల సైట్లలో ఊరి పేరు కొడితే ప్రభుత్వ రేటు వస్తుంది, దాంతో చూస్తే అభ్యర్థి ఏ రేటు వేశాడో తెలుస్తుంది. సర్వే నంబరు సరిచూడాలంటే ప్రభుత్వ భూముల రికార్డు సైట్లున్నాయి, ఆంధ్రాలో మీభూమి, తెలంగాణలో భూభారతి.

అఫిడవిట్‌లో కనపడనివి కూడా ఉంటాయి, అది తెల్సుకోకపోతే మోసపోతాం. సొంతంగా సంపాదించుకునే పెద్ద పిల్లలు, అన్నదమ్ములు, బావమరుదుల ఆస్తి ఇందులో రాదు. కంపెనీలో వాటా ఉంటే షేర్ల విలువ వస్తుంది గానీ ఆ కంపెనీ పేరు మీద ఉన్న భూమి రాదు. కంపెనీ పేరు దొరికితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో దాని ప్రాథమిక వివరాలు చూడొచ్చు.

6. పార్టీ ఈయనకే టికెట్ ఎందుకిచ్చిందో చదవడం

ఇది చాలా తక్కువమందికి తెలుసు. క్రిమినల్ కేసులున్న మనిషికి టికెట్ ఇస్తే, ఎందుకిచ్చారో, కేసుల్లేని వేరేవాళ్ళకి ఎందుకివ్వలేదో పార్టీ రాసి పబ్లిష్ చెయ్యాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. గెలుస్తాడు కాబట్టి ఇచ్చాం అనేది కారణంగా చెల్లదు. 2021లో ఇంకాస్త గట్టి చేశారు, ఎంపిక చేసిన 48 గంటల్లో పెట్టాలి, పార్టీ వెబ్‌సైట్ మొదటి పేజీలోనే కనపడాలి.

ఆ కాయితం పేరు ఫారం సీ-7. పార్టీ సైట్ తెరిచి నేర చరిత్ర ఉన్న అభ్యర్థులు అనే లింక్ వెతకండి, లేకపోతే పార్టీ అఫీషియల్ ఫేస్‌బుక్, ఎక్స్ పేజీల్లో టికెట్ ప్రకటించిన తేదీ చుట్టుపక్కల చూడండి. చదివితే మీకే అర్థమవుతుంది, "ప్రజాసేవలో చురుకైన వ్యక్తి" అని ఒకే వాక్యం పదిమందికి అంటించారా, నిజంగా ఆలోచించి రాశారా అని.

అభ్యర్థి కూడా తన కేసుల గురించి ఉపసంహరణ గడువు తర్వాత మూడుసార్లు పేపర్లో, టీవీలో ప్రకటన ఇవ్వాలి. మీ జిల్లా ఈ-పేపర్లో చిన్న అక్షరాల ప్రకటనలు చూడండి, అక్కడే ఉంటాయి.

7. ఇదివరకు పదవిలో ఉన్నాయన అయితే

ఎంపీ అయితే పని సులువు. పీఆర్ఎస్ అనే సంస్థ (చట్టసభల పనిని నమోదు చేస్తుంది) సైట్‌లో హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు ఉంటాయి. పార్లమెంటు సైట్ సంసద్‌లో పేరు కొడితే ప్రతి ప్రశ్న, దానికి మంత్రి ఇచ్చిన జవాబు పూర్తిగా చదవొచ్చు. ఎన్ని అడిగాడు అనేకంటే ఏం అడిగాడో చూడండి. మీ జిల్లా రైల్వే లైను, మీ పంటకి మద్దతు ధర, మీ ఊరి ఆసుపత్రి, ఇవి ఉన్నాయా, లేక ఎవరి వ్యాపారానికో పనికొచ్చే ప్రశ్నలా? ఎంపీ లాడ్స్ (ఎంపీ తన ప్రాంతంలో పనులకి సిఫార్సు చేసే నిధి) కింద సంవత్సరానికి 5 కోట్లు వస్తాయి, ఏ పనులకి సిఫార్సు చేశారో ఆ పథకం పోర్టల్‌లో ఉంటుంది, మీ ఊళ్ళో చెప్పిన పని నిజంగా కట్టారో లేదో సాయంత్రం అటు నడిచెళ్ళి చూడొచ్చు.

మంత్రిగా ఉన్నాయనకి హాజరు ఖాళీగా, ప్రశ్నలు సున్నాగా కనపడుతుంది. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలు అడగరు, జవాబులు చెప్తారు. స్పీకర్, ప్రతిపక్ష నేతకి కూడా హాజరు లెక్క ఉండదు. "మన ఎంపీ ఒక్కరోజు కూడా పోలేదు" అనే ఫార్వార్డ్‌లలో చాలావరకు ఇదే పొరపాటు.

ఎమ్మెల్యే అయితే కొంచెం ఓపిక కావాలి, ఎంపీలకి దొరికినంత శుభ్రంగా వివరాలు ఒకేచోట దొరకవు. అసెంబ్లీ సమావేశాలు యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి కాబట్టి ఎమ్మెల్యే పేరు, అసెంబ్లీ అనే మాట, మీ సమస్య పేరు మూడూ కలిపి వెతకండి. రెండు నిమిషాల క్లిప్ కాకుండా ముందూ వెనకా పది నిమిషాలు వినండి.

8. కొత్తగా దిగినాయన అయితే

రికార్డు ఉండదు కాబట్టి వార్తల మీద ఆధారపడాలి. గూగుల్‌లో పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగ్స్‌తో కొట్టి, టూల్స్‌లో తేదీ మార్చి ఎన్నికల ప్రకటనకి ఏడాది ముందువి మాత్రమే చూడండి. టికెట్ వచ్చాక రాసేవన్నీ పొగడ్తో, తిట్టో. టికెట్ రాకముందు ఆ మనిషి ఏం చేశాడనేదే అసలు విషయం.

మన పత్రికలూ ఛానళ్ళూ ఏది ఏ పార్టీ వైపో ఊళ్ళో పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. అందుకని ఎదురెదురుగా ఉండే రెండు పత్రికల జిల్లా ఎడిషన్లు తీసి ఒకే విషయం చదవండి, రెండింట్లోనూ ఉన్న భాగం తీస్కోండి. వ్యతిరేకంగా ఉండే పత్రిక కూడా ఒప్పుకున్న మంచి ఏదైనా ఉంటే దానికి విలువెక్కువ, సొంత పత్రికే దాచలేకపోయిన చెడుకి కూడా అంతే.

9. ఫార్వార్డులు, వీడియోలు, యాడ్స్

పోలింగ్‌కి చివరి మూడు రోజులు వచ్చే వీడియోలు ఏవైనా సరే ముందు ఆపండి. గొంతు, ముఖం రెండూ ఇప్పుడు కృత్రిమంగా చేసేస్తున్నారు.

- వీడియో ఆపి ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టండి, పాత వీడియో అయితే అక్కడే దొరికిపోతుంది.
- అదే సభ పూర్తి వీడియో పార్టీ ఛానల్‌లోనో వార్తా ఛానల్‌లోనో వెతికి ముందు వాక్యం, వెనక వాక్యం వినండి.
- ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్, రెండూ హైదరాబాద్ నుంచి నడిచేవే, తెలుగులో కూడా రాస్తాయి. బూమ్, ఆల్ట్ న్యూస్ కూడా చూడొచ్చు.
- పేపర్ క్లిప్పింగ్ అయితే ఆ తేదీ ఈ-పేపర్ తెరిచి ఆ పేజీ చూడండి. లేని వార్తకి ఉన్న పత్రిక లోగో అంటించడం చాలా సులువు.

యాడ్స్ సంగతి. మెటా యాడ్ లైబ్రరీ అని ఉంది, దేశం ఇండియా పెట్టి, రాజకీయ ప్రకటనలు సెలెక్ట్ చేసి అభ్యర్థి పేరో నియోజకవర్గం పేరో కొట్టండి. ఏ పేజీ, ఎంత ఖర్చు, డబ్బెవరు కట్టారు అన్నీ చూపిస్తుంది. వార్తల పేజీలా కనిపించేది నిజానికి ఒక పార్టీ మీద తిట్లకి డబ్బు కట్టి నడిపిస్తున్న పేజీ అని ఇక్కడ బయటపడుతుంది. గూగుల్, యూట్యూబ్ ప్రకటనలకి గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ ఉంది. మన రాష్ట్రాల్లో అభ్యర్థి ఖర్చు పరిమితి అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు, ఇది గుర్తుపెట్టుకుని చూస్తే ఆ అంకెలు వేరేగా కనపడతాయి.

డబ్బులు, చీరలు, మద్యం పంచుతుంటే ఈసీఐనెట్ యాప్‌లో సీవిజిల్ (ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసే భాగం, ఇదివరకు విడి యాప్) తెరిచి ఫొటో తీసి పంపండి, పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు, 100 నిమిషాల్లో చర్య చెప్పాలని ఎన్నికల అధికారులకి నిబంధన. యాప్‌లోంచే ఫొటో తియ్యాలి, గ్యాలరీలో ఉన్న పాతవి తీసుకోదు.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట. ఇంట్లో అమ్మానాన్నలకి ఫోన్ చేసి "ఫలానా ఆయనకే వెయ్యండి" అనే బదులు ఈ పని మొత్తం మీరు కూర్చుని చేసి, తెలుగులో ఒక పేజీ రాసి, ఫోన్‌లో చదివి వినిపించండి. చిన్న అక్షరాల పీడీఎఫ్ చదవడం పెద్దవాళ్ళకి కష్టం, మీకు కాదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే ఫారం 6ఏ పెట్టి మీరు కూడా ఓటరుగా నమోదవ్వొచ్చు, ఓటు మాత్రం ఊరికొచ్చి వెయ్యాలి.

10. ఒక పేజీ షీట్

ఒక్కో అభ్యర్థికి అర పేజీ కంటే ఎక్కువ రాయొద్దు, ఎక్కువైతే పోల్చలేరు. నేను రాసే వరస ఇది:

- పేరు, తండ్రి పేరు, ఊరు, గుర్తు
- తీవ్రమైన కేసులు, ఏ దశలో ఉన్నాయి (ధర్నా కేసులు విడిగా)
- పోయినసారికీ ఇప్పటికీ కొత్తగా వచ్చిన ఆస్తి, దానికి కనపడే ఆదాయం
- ప్రభుత్వ కాంట్రాక్టులు, బాకీలు
- పదవిలో ఉంటే మా ఊరి గురించి మాట్లాడింది ఏంటి
- సీ-7లో పార్టీ చెప్పిన కారణం
- నాకు జవాబు దొరకని ప్రశ్న ఒకటి

చివరిది తప్పనిసరి. ప్రచారానికి గుమ్మం ముందుకొచ్చినప్పుడు నమస్కారం పెట్టి, మర్యాదగా ఆ ఒక్క ప్రశ్న అడగండి. "అయ్యా, మీ అఫిడవిట్‌లో ఫలానా పేజీలో ఇలా ఉంది, కొంచెం చెప్తారా?" అంతే, గొడవ అక్కర్లేదు. ఎలా జవాబిస్తాడో, పక్కనున్న అనుచరులు ఎలా చూస్తారో కూడా షీట్‌లో రాసుకోండి.

ఈ షీట్ గ్రూపుల్లో పెట్టాలనిపిస్తే అఫిడవిట్ పేజీ నంబరుతో సహా పెట్టండి, ఎవరైనా సరిచూసుకోవచ్చు. అందులో ఉండే ఫోన్ నంబర్లు, పాన్, పిల్లల పేర్లు మాత్రం తీసేయండి. పోలింగ్ బూత్‌లోకి ఫోన్ తీస్కెళ్ళనివ్వరు కాబట్టి మీరు వెయ్యాలనుకున్న అభ్యర్థి వరస నంబరు, గుర్తు ముందే గుర్తుపెట్టుకుని వెళ్ళండి, ముఖ్యంగా అదే పేరుతో ఇంకొకరు ఉంటే.

11. ఓటేశాక చెయ్యాల్సిన చిన్న పని

అఫిడవిట్‌లో అబద్ధం రాస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ పడొచ్చు. గెలిచిన మనిషి ఎన్నికని సవాలు చెయ్యాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో పిటిషన్ వెయ్యాలి, ఓటరు కూడా వెయ్యొచ్చు. అభ్యర్థులు ఖర్చుల లెక్క 30 రోజుల్లో ఇవ్వాలి, అది కూడా జిల్లా ఎన్నికల అధికారి సైట్‌లో వెతకండి, యాడ్ లైబ్రరీలో చూసిన అంకెతో పెట్టి చూడొచ్చు.

దింపుకున్న పీడీఎఫ్‌లు తీసెయ్యొద్దు. ఓడినవాళ్ళవి కూడా. ఫోల్డర్‌కి నియోజకవర్గం పేరు, సంవత్సరం, ఒక్కో ఫైల్‌కి అభ్యర్థి పేరు, తండ్రి పేరు పెట్టి డ్రైవ్‌లో దాచండి. మళ్ళీ ఎన్నిక వచ్చినప్పుడు 5వ స్టెప్‌లో ఎడమవైపు కాలమ్‌కి కావాల్సింది ఇదే.